సైకిల్ దిగిన మల్లన్న

మా బాపుకు ఇద్దరు సంతానం. ఒకదాన్ని నేను, పేరు సరోజన. రెండోది సైకిల్. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ ఇష్టమని మా బాపు అంతయ్యను ఎవరైనా అడిగితే ఆయన జవాబు చెప్పకుండా మీసం సవరించుకునేవాడు. ఆ సవరింపుకు అర్థం ఏమిటో నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ తెలుసు.

కరీంనగర్ బజారులో బాపుకు దర్జీ దుకాణం. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో అడవి శాఖ దొర ఒకాయన ఊరు విడిచి పోతూ, తన ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిపెట్టినందుకు సంతోషపడి ఆ సైకిల్‌ను బాపుకు ఇచ్చిపోయాడట. విలాయతీ సైకిల్. నల్ల రంగు, తోలు సీటు, ఎత్తాలంటే నడుము పట్టేసేంత బరువు. హ్యాండిల్ కింద, ముందరి గొట్టం మీద, అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద గుర్రమెక్కి కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. అది ఏ కంపెనీ పేరో మా వాడలో చదివినవాళ్ళు లేరు, చదివించుకోవాలని బాపుకూ తోచలేదు. ఆ గుర్రపు మనిషికి ఆయనే 'సవారి' అని పేరు పెట్టుకున్నాడు.

పొద్దున బండెక్కే ముందు బొటనవేలితో గుర్రం మూతిని ఒకసారి రుద్దడం బాపుకు అలవాటు. రుద్దీ రుద్దీ ఆ మూతి అరిగి నున్నగా అయిపోయింది. మంగళవారం మంగళవారం కొండగట్టుకు ఆ సైకిల్ మీదే పోయేవాడు. అక్కడ కూడా ముందు సైకిల్‌కు నీడ వెతికి, తరువాతే ఆంజనేయస్వామి దగ్గరికి పోతాడని మా అవ్వ తిట్టేది.

అటువంటి మనిషి ఆ సైకిల్‌ను మా ఆయనకు ఎరువిచ్చాడంటే ఎవరూ నమ్మరు. మందమర్రిలో మా ఆయనకు బొగ్గుబాయిలో పని. కొత్తగా తవ్విన బాయికి మార్చారు, అది మా క్వార్టర్లకు దూరం. వానాకాలం బురదలో నడిచిపోయేసరికి ఆలస్యమై, ఎన్నోసార్లు వెనక్కి పంపించేశారు. నేను పుట్టింటికి పోయి, ఒక పూట అన్నం ముట్టకుండా మూతి ముడుచుకుని కూర్చున్నాను. బాపు మెత్తబడ్డాడు.

"దసరా దాకనే, సమజయిందా? దసరా ఎల్లంగనే నేనే వచ్చి తీస్కపోత. ఎనుక ఎవ్వల్ని ఎక్కించుకోవద్దు. వానల ఇడువద్దు. సవారిని శుక్రారం శుక్రారం చింతపండు పెట్టి తోమాలె. గా సవారికి ఏమన్న అయిందో, మీ ఇంటి గడప తొక్క!"

బాపు ఇటువంటి మాటలు ఊరికే అనడు. గొడుగు పుల్ల విరగ్గొట్టాడని సొంత తమ్మునితోనే మాటలు మానేసిన మనిషి. ఆయన తొక్కనన్నాడంటే తొక్కడు. నాకున్నది ఒక్క పుట్టిల్లు. అందుకని మా ఆయన ఆ సైకిల్‌ను ఎక్కి తిరిగిన దానికంటే తుడిచిందే ఎక్కువ.

ఇక మా అత్త పోచవ్వ సంగతి. సైకిల్ మీద పడుతుందేమోనని భయపడి ఆమె దాని దరిదాపులకు కూడా పోయేది కాదు. వాళ్ళది బోథ్ దగ్గర పల్లె. అటువైపు ఇంటి దేవుళ్ళను చిన్న లోహపు రేకుల మీద అచ్చు కొట్టించి గూట్లో పెట్టుకుంటారు. వాటిని తాకులంటారు. అత్త వాళ్ళ ఇంటి దేవుడు మల్లన్న. గుర్రం మీద కత్తి పట్టుకుని ఉంటాడు, వెనక భార్య మాల్సాబాయి, కింద కుక్క. రజాకార్ల గడబిడలో ఊరు ఊరంతా అడవిలోకి పోతున్నప్పుడు మా మామ ఆ దేవుళ్ళను గుడ్డలో చుట్టి చేను గట్టులో దాచాడు. తిరిగి వచ్చీ రాగానే జ్వరం తగిలి మాట పడిపోయింది. ఎక్కడ పెట్టాడో చెప్పకుండానే ప్రాణం విడిచాడు. అత్త చేను చుట్టూ గట్లు తవ్వి చూసింది. దొరకలేదు.

కొత్తవి చేయించుకోవచ్చు కదా అంటే, అట్లా కుదరదట. తాకులు అరిగిపోయినప్పుడు వాటిని గంగలో విడిచిపెట్టి, అప్పుడే కొత్తవి చేయించాలి. పాత దేవుడు ఎక్కడో మట్టిలో ఉండగా కొత్త దేవుణ్ణి తెస్తే ఆయనకు కోపం వస్తుందని అత్త భయం. అందుకని కొడుకుకు ఉద్యోగం దొరికి మందమర్రికి వచ్చినా, క్వార్టర్ గోడలో ఖాళీ గూడు ఒకటి ఉంచుకుని, ఆదివారం ఆదివారం దానికే దీపం పెట్టేది. దీపం పెట్టిన ప్రతిసారీ మా మామను తిట్టేది.

"నోరున్నన్నొద్దులు ఊరోల్ల ముచ్చట్లన్ని చెప్పిండు. చెప్పాల్సిన ఒక్క ముచ్చట చెప్పకపాయె! గిసొంటి మనిషిని యాడన్న చూసినమా!"

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఇది వింతగా ఉండేది. ఉత్త గూటికి దండం పెట్టే మనిషిని చూస్తే మొదట నవ్వు వచ్చింది, తరువాత్తరువాత నవ్వు రావడం ఆగిపోయింది.

దసరా ఎల్లిన వారం, మా ఆయన పొద్దున డ్యూటీకి పోవడానికి సైకిల్ బయటికి తీసి, అట్లాగే నిలబడిపోయాడు.

"సరోజనా, సవారి లేడు."

చూస్తే ముందరి గొట్టం మీద రెండు తొర్రలే ఉన్నాయి. బాయి దారిలో కంకర రాళ్ళ మీద ఎగిరీ ఎగిరీ మరలు ఊడిపోయినట్టున్నాయి. ఆ రోజు డ్యూటీకి నడిచిపోతూ దారంతా వెతికాడు, నడిచివస్తూ వెతికాడు. నేను అత్త చూడకుండా మోరీల్లో కట్టె పెట్టి కెలికాను. మా ఆయన అసలే నోట్లో నాలుక లేని మనిషి, అన్నం కూడా నోట్లో పెట్టడం మానేశాడు. అంతలోనే రైల్వేలో పనిచేసే మా చుట్టం ఒకడు కబురు తెచ్చాడు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం అంతయ్య వస్తున్నాడు, సైకిల్ తీసుకుపోతాడని.

మేమిద్దరం ఇంత పరేషాన్‌లో ఉంటే అత్త మాత్రం ఆ వారమంతా ఎన్నడూ లేనంత సంబరంగా ఉంది. పని చేస్తూ ఏదో కూనిరాగం తీసేది. ఆదివారం నాడు జొన్నరొట్టెలు, కాల్చిన వంకాయ, ఉల్లిగడ్డ మల్లన్నకు ఇష్టమని రాశిగా చేసింది. తరువాత నన్ను చేయి పట్టుకుని గూటి దగ్గరికి తీసుకుపోయింది.

గూట్లో దీపం వెలుగుతోంది. దీపం వెనక, ఒళ్ళంతా బండారు పసుపు పూసుకుని, రెండు మర తొర్రల్లోంచి పచ్చ దారం కట్టించుకుని, మా బాపు సవారి కూర్చుని ఉన్నాడు.

"పోయిన ఆయితారం వాకిలూడుస్తుంటె చీపురుకు తగిలిండే! మన సొంత వాకిట్ల! గుర్రం మీదికెల్లి నన్నే చూస్తుండు. వారం తిరిగిందాక చెప్పద్దని ఆగిన. చూడు బిడ్డా, ఏదో రాసున్నది గూడ. దేవుని రాత, మనకెట్ల తెలుస్తది?"

నా నోట వచ్చిన ఒక్క మాట వంకరగానే వచ్చింది. "మరి మాల్సాబాయి ఏదత్తా?"

"గదే నాకు గూడ సమజ్ కాలే. ఆలిని ఇడిసిపెట్టి ఒక్కడే వచ్చిండు. కుక్కను గూడ తోల్కరాలే. మస్తు తొందరల వచ్చినట్టున్నడు!" అత్త గుర్రం వైపు వేలు చూపింది. "మూతి చూడు ఎట్ల అరిగిందో. ఎన్ని తరాల చేతులు తాకినయో ఏమో."

తరాలూ లేవు ఏమీ లేవు, కరీంనగర్ దర్జీ బొటనవేలు ఒక్కటే తాకిందని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే అత్త కళ్ళు తుడుచుకుంది.

"మీ మామ పంపిండే సరోజనా. గిన్నేండ్లకు యాదికొచ్చినట్టున్నది మనిషికి. ఇగ ఆయన్ను ఒక్క మాటనను."

తెరిచిన నోరు మూసుకున్నాను. నాకు అత్త మీద ప్రేమ ఉందని అప్పటిదాకా నాకు అంత బాగా తెలియదు. రోజూ ఒకే పొయ్యి దగ్గర తగవులాడుకునే మనుషులం, ప్రేమ గురించి ఎక్కడ ఆలోచిస్తాం.

మా ఆయన షిఫ్టు నుంచి రాగానే సంగతి చెప్పాను. ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"నువ్వే చెప్పు అవ్వకు."

"నేనెందుకు చెప్పాలె? నీ అవ్వ."

"నీ బాపు సైకిలు."

"నడిపింది నువ్వు."

"తెచ్చింది నువ్వు."

ఇట్లా కాసేపు గుసగుసగా కొట్లాడుకున్నాం. ఇద్దరికీ చెప్పే ధైర్యం లేదని తేలింది.

రెండు రోజుల్లో సంగతి మా క్వార్టర్ల వరస దాటిపోయింది. పోచవ్వ ఇంట్లో మల్లన్న వెలిశాడని ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని రాసాగారు. పక్కింటి శంకరవ్వ మేక ఈనలేక అవస్థ పడుతుంటే, అత్త బండారు బొట్టు ఇచ్చి పంపింది. ఆ పొద్దు గూకకముందే మేక రెండు పిల్లల్ని ఈనింది. దాంతో సైకిల్ బిళ్ళ పరపతి చెప్పనలవి కాకుండా పెరిగింది. మేక ఎట్లాగూ ఈనాల్సిందే, ఎవరి మహిమా అక్కర్లేదని నేను గొణిగాను. శంకరవ్వ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకుని వంటింట్లోకి పోయాను.

ఇక లాభం లేదనుకుని మందమర్రి బజారులో అవుసుల పని చేసే సిద్దిరాములు దగ్గరికి పోయాను. ఆయన వెండీ ఇత్తడీ రెండూ కొడతాడు, చేతుల కంటే నోరు ఎక్కువ ఆడుతుంది. సంగతంతా చెప్పి, అచ్చం అటువంటి బిళ్ళ ఇంకొకటి కావాలన్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, తరువాత అడిగాడు.

"నకలు ఎవలికమ్మా? మీ బాపుకా, మీ అత్తకా?"

"బాపుకే. అసలుది అత్త దగ్గరుండనీ."

అన్నాను గానీ వెంటనే తెలిసింది. అరిగిన మూతి ఎంతవరకు అరిగిందో కూడా బాపుకు ఎరుక. ఒక్క చూపులో పట్టేస్తాడు.

"కాదు కాదు, అత్తకు చేయి," అన్నాను.

సిద్దిరాములు నవ్వడం ఆపాడు. "చేస్త. నాదేం పోయింది. కని రేపు ఆమె గా నకలుకు దీపం పెట్టి మొక్కుతుంటె నువ్వు పక్కన నిలవడాలె. నిలవడ్తవా?"

కొంచెంసేపు ఆలోచించాను. నిలబడలేను. అదే చెప్పి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. దారి పొడవునా నాకు అందరి మీదా కోపం వచ్చింది. సైకిల్ ఇచ్చిపోయిన దొర మీద, బొమ్మకు ఇంకేదీ దొరకనట్టు గుర్రాన్ని వేసిన కంపెనీ వాడి మీద, మరలు బిగించని నా మొగుడి మీద.

ఆదివారం వస్తానన్న బాపు శనివారం పొద్దున్నే దిగాడు. రైలు ఖాళీగా ఉంటుందట. మా ఆయనకు రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. సైకిల్ వాకిట్లో ఉంది. ముందు భాగానికి గోనెసంచి కప్పి పెట్టాం. బాపు సంచీ కింద పెట్టకముందే, మంచినీళ్ళు అడగకముందే, నేరుగా పోయి గోనెసంచి ఎత్తాడు.

రెండు తొర్రలు ఆయన్ను చూశాయి, ఆయన వాటిని చూశాడు. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎరుపెక్కింది. "ఏడీ?" అని మాత్రం అన్నాడు. మా ఆయన నేల చూస్తున్నాడు. గడప తొక్కనన్న మాట ఇప్పుడే అంటాడు, సంచీ ఎత్తుకుని ఇటునుంచి ఇటే స్టేషన్‌కు పోతాడు అనుకున్నాను.

అప్పుడు లోపలి నుంచి అత్త వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చినవా అన్నా! మంచి యాళ్లకు వచ్చినవ్. దా, లోపట్కి దా. కాళ్ళు కడుక్కో. మా దేవుడు మా ఇంటికొచ్చిండన్నా, గిన్నేండ్లకు!"

వియ్యపురాలు అంత ప్రేమగా చేయి పట్టి పిలుస్తుంటే ఏ మనిషైనా ఏం చేస్తాడు. బాపు కాళ్ళు కడుక్కుని లోపలికి నడిచాడు. వెనకాలే నేనూ, నా వెనక దాక్కుంటున్నట్టు మా ఆయనా.

బాపు గూటి ముందు నిలబడ్డాడు. పసుపులో మునిగిపోయిన సవారిని చూశాడు. అత్త చెబుతూనే ఉంది. గట్టులో దాచిన దేవుళ్ళు, మాట పడిపోయిన మొగుడు, తవ్విన గట్లు, ఖాళీ గూడు, చీపురుకు తగిలిన గుర్రం. బాపు మెడ మీది ఎరుపు మెల్లమెల్లగా దిగిపోవడం నేను చూశాను. తలకు చుట్టిన రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగి రెండు చేతులూ జోడించి మొక్కాడు.

ఆ క్షణంలో మా బాపు కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? మొక్కి లేస్తూ బాపు చేయి దానంతట అదే గూట్లోకి పోయింది. బొటనవేలితో గుర్రం మూతి మీది పసుపును ఒకసారి రుద్దాడు. అరిగిన చోటే, అరిగినంత మేరే.

అత్త మాట ఆగిపోయింది. బాపు వేలి వైపు, గుర్రం మూతి వైపు మార్చి మార్చి చూసింది.

"అన్నా, గీయన నీకు ఎరుకేనా?"

బట్ట తక్కువ పడితే పడిందని మొహం మీదే చెప్పే దర్జీ మా బాపు. అబద్ధం ఆయనకు చేతకాదు.

"ఎరుకే చెల్లె."

"ఎట్ల?"

"నా సైకిల్ ముందట ఉంటుండె."

అత్త బయటికి నడిచింది. సైకిల్ గొట్టం మీద, బిళ్ళ ఉన్నంత మేర, ఎండ తగలని రంగు నల్లగా మెరుస్తోంది. దాని మీద చేయి పెట్టి చూసింది. రెండు తొర్రల్ని వేలితో తడిమింది. తిరిగి వచ్చి గడప మీద కూర్చుంది. ఇంత దూరం రానిచ్చాం కదా, మొన్న ఆదివారమే చెబితే నలుగురిలో పడకపోయేది కదా అని నాకు ఏడుపు వచ్చేసింది.

అత్త తల ఎత్తి బాపునే అడిగింది. "మరి ఎరుకై ఉండి ఎందుకు మొక్కినవన్నా?"

"నువ్వు దీపం పెట్టినవ్ చెల్లె. దీపం ముందట కూసున్నోన్ని నా సైకిల్ బిళ్ళ అని గుంజుకోనీకె నేనెవన్ని?"

అత్త తల వంచుకుంది. తరువాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని నేను దగ్గరికి పోయాను. నవ్వుతోంది!

"ఓ సరోజనా, శంకరవ్వకు ఏం చెప్పుదమే! గామె మేక సైకిలోనికి మొక్కి ఈనింది!"

దాంతో బాపు పకపక నవ్వాడు, మా ఆయన నవ్వాడు, నేను ఏడుస్తూనే నవ్వాను. నవ్వు తగ్గాక అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఒత్తుకోవడం అంతా నవ్వు వల్ల కాదని మా అందరికీ తెలుసు.

తరువాత తానే లేచి, గూట్లోంచి బిళ్ళను తీసి, పచ్చ దారం ముడి విప్పింది. "చుట్టమై వచ్చిండు. చేతనయింది పెట్టిన. గుర్రమెక్కినోన్ని గూట్ల కట్టేస్తే ఎన్నొద్దులుంటడు? పట్టు అన్నా, ఎక్కడోన్ని అక్కడ బిగించుకో."

మరలు ఎప్పుడో పోయాయి. ఇత్తడి బిళ్ళకు ఇనుప మరలు పెడితే తుప్పు పడుతుందని బాపు ఒప్పుకోడు. కాబట్టి నలుగురం సైకిల్ తోసుకుంటూ సిద్దిరాములు దుకాణానికి పోయాం. అత్త బిళ్ళను కొంగులో పట్టుకుని ముందు నడిచింది.

సిద్దిరాములు నా వైపు చూసి కన్ను గీటబోయి, అత్తను చూసి మానుకున్నాడు. గొట్టం గుండ్రం, దాని మీద కూర్చోవాలంటే బిళ్ళకూ ఆ వంపు ఉండాలి. గూట్లో నిలబడడం లేదని అత్త దాన్ని రాయితో సాపు చేసి పెట్టింది. ఆ మాట విని బాపు మొహం చిట్లించాడు కానీ ఏమీ అనలేదు. సిద్దిరాములు ఇంట్లోంచి రోకలి తెప్పించి, దాని మీద బిళ్ళను పెట్టి, చెక్క సుత్తితో తడుతూ మళ్ళీ వంచాడు. తొర్రల కంటే వెంట్రుక వాసి లావుగా రెండు ఇత్తడి చీలలు కోశాడు.

"ఎవలన్న కదలకుంట పట్టుకోవాలె."

బాపు చేయి చాచాడు. అప్పటికే అత్త కూర్చుని రెండు చేతులతో బిళ్ళను గొట్టానికి అదిమి పట్టుకుంది. బాపు హ్యాండిల్ పట్టుకున్నాడు. సిద్దిరాములు ఒక్కో చీలను మెల్లగా దిగ్గొట్టి, తలలను గుండ్రంగా అణగ్గొట్టసాగాడు.

ఊరికే ఉండలేక బాపు అడిగాడు. "గట్టుల దాచిండంటివి కద చెల్లె. గా గట్టు ఇంక ఉన్నదా?"

"ఎక్కడి గట్టన్నా. మరుసటేడే పెద్దవాన వడి చెల్క సగం కోసుకపాయె."

"కోసుకపోయి ఎటు వాయె?"

"వాగులకు."

"గా వాగు?"

"కడెంల గలుస్తది. కడెం ఎటు పోతది, గోదార్లకే..."

అత్త మాట మధ్యలోనే ఆగింది. సిద్దిరాములు సుత్తె కూడా ఆగింది.

"గోదారంటె గంగనే కద అవ్వా," అన్నాడు సిద్దిరాములు. "మీ దేవుండ్లు ఎప్పుడో గంగల గల్సిన్రు."

అత్త బిళ్ళను వదలలేదు. వేళ్ళు పసుపుతో పచ్చగా ఉన్నాయి. మెల్లగా అంది. "అంటె నేను మట్టి తవ్వుతుండంగనే ఆల్లు నీళ్ళల్ల పడి పోయిన్రు. ఆ మనిషి పెట్టిన కాడికెల్లి సక్కగ గంగకే పోయిన్రు. నేనేమో గిన్నేండ్లు ఆయన్ను తిట్టుకుంట కూసుంటి."

రెండో చీల తల అణగ్గొట్టడం అయిపోయింది. బాపు బిళ్ళను పట్టి ఊపి చూశాడు, కదలలేదు. రుమాలుతో తుడవబోయి, గుర్రం జూలులో ఇరుక్కున్న పసుపు చూసి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అల్లుడా, సైకిల్ ఈడనే ఉండనీ. నాకు గిప్పుడు గంత బరువు తొక్కుడు అయితలేదు," అన్నాడు. మొన్న మంగళవారమే కొండగట్టుకు బస్సులో పోతూ, సైకిల్ ఉంటే ఈపాటికి చేరేవాణ్ణని బస్సంతా వినేలా గొణిగిన మనిషి ఇట్లా అన్నాడంటే, నేను మొహం పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది. మా ఆయన సైకిల్ హ్యాండిల్ అందుకున్నాడు.

అత్త లేచి కొంగు దులుపుకుంది. "సిద్దిరాములూ, కొత్త తాకు చెయ్యి. మల్లన్న ఎనుక మాల్సాబాయి కూసోవాలె. కుక్కను మర్వకు."

సిద్దిరాములు రేకు ముక్క ఒకటి తీసి దిమ్మె మీద పెట్టి అడిగాడు. "ఎవలి పేరు మీద?"

అది వాళ్ళ పద్ధతి. ఇంటి దేవుణ్ణి కొత్తగా చేసేటప్పుడు, ఆ ఇంటి పెద్ద పేరును ఇంటివాళ్ళు పైకి చెప్పాలి. అప్పుడే అవుసులాయన మొదటి దెబ్బ వేస్తాడు. మా ఆయన తన పేరు చెప్పడానికి ముందుకు వచ్చాడు. అత్త చేయి అడ్డం పెట్టింది.

"నువ్వాగు గట్టయ్యా."

కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. మా దిక్కు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఓట్ల కోసం పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చి మీ ఇంటాయన పేరేమిటని అడిగితే, కొడుకు వైపు వేలు చూపి వాణ్ణి అడగండి అన్న మనిషి మా అత్త. ఇప్పుడు గోడకు చెబుతున్నట్టు ఏదో అంది. మాకెవరికీ వినపడలేదు.

"సుత్తె సప్పుడుకు నా చెవులు గింగురుమంటున్నయ్. జర గట్టిగ చెప్పవ్వా," అన్నాడు సిద్దిరాములు.

అత్త ఇటు తిరిగింది. మొహం ఎర్రగా కందిపోయింది, పెదవుల మీద కొత్త పెళ్ళికూతురి సిగ్గు.

"మొండయ్య! మా ఇంటాయిన, మొండయ్య పేరు మీద చెయ్యి!"

ఎదురు దుకాణం వాళ్ళు కూడా తల తిప్పి చూశారు. తన బాపు పేరు అవ్వ నోట వినడం మా ఆయనకు అదే మొదటిసారి. సైకిల్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సిద్దిరాములు రేకు మీద మొదటి దెబ్బ వేశాడు. ఆ చప్పుడులో అత్త ఆ పేరును ఇంకొకసారి, ఎవరూ అడగకుండానే, తనలో తాను చెప్పుకుంది.